రక్తం బాగానే ఉంది

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి అక్క వెన్నులోకి సూది దించుతుంది, ఇప్పుడు పది దాటి రెండు నిమిషాలు, అంటే నోరు విప్పడానికి ఇంకా యాభై ఎనిమిది నిమిషాలుంది అనుకున్నాడు అతను. అనుకుని, నోరు విప్పడానికి అంతసేపెందుకురా, ఒక్క నిమిషం చాలదా అని తనను తానే దెప్పుకుని, ఆసుపత్రి నడవాలో గోడకు బిగించిన ఇనుప కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఎదురుగా తలుపు. తలుపవతల అక్క. వీపున తాళ్ళు కట్టుకునే ఆసుపత్రి చొక్కా తొడుక్కుని, ఆ తాళ్ళు చూసి, "ఈ కుట్టు కుట్టినవాడెవడో గాని చేతులకు దండం పెట్టాలి, రెండు ఉతుకులకు ఊడుతుంది" అని నర్సును నవ్వించి, గోడ పట్టుకుని మంచం దాకా నడిచింది. ఆ నడక అతను చూడలేదు, చూడకూడదని ఫోను తీశాడు. చెప్పాల్సింది పెద్ద భారతమేమీ కాదు, నాలుగు ముక్కలు. అమ్మా, రెండేళ్ళుగా మా అక్కకు మాత్రలిచ్చింది నేనే. అవి విడిగా ఇవ్వకూడని మాత్రలు. ఆ సంగతి తెలిశాక దొంగతనంగా సూదులు వేశాను. అందుకే మీ రక్తపరీక్షలో జబ్బు దొరకలేదు. ఇంతే. ఇరవయ్యేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నవాడు, రోజుకు వందమందికి ఇది పొద్దున, ఇది రాత్రి అని గడగడా చెప్పేవాడు, ఈ నాలుగు ముక్కలు మూడు వారాలుగా చెప్పలేకపోతున్నాడు.

వీధిలో అతనికి సగం డాక్టరు అని పేరు. ఆ పేరు పెట్టింది కూడా అక్కే. వాళ్ళ వీధిలో ఇటు అతని మందుల షాపు, అటు అక్క కుట్టు షాపు, మధ్యలో పది అడుగుల రోడ్డు, అక్క అక్కణ్ణుంచే కేకేసేది, మా వాడు సగం డాక్టరండీ, ఆ మిగతా సగమే ఎక్కడా దొరకట్లేదు అని, గిరాకీలు పడీపడీ నవ్వేవాళ్ళు, అతనికి లోలోపల పొంగిపోయేది. అమ్మ పోయినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు, అక్కకు పద్దెనిమిది, అప్పట్నుంచి బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి అతన్ని మందుల కోర్సు చదివించింది, షాపు తెరిచిన రోజున తెల్లకోటు కూడా తనే కుట్టి తొడిగింది, జేబు కాస్త పెద్దది పెట్టాను, నీ గొప్పలన్నీ పట్టాలిగా అంది. ఆ కోటు వేసుకునే కదా ఇచ్చాడు ఆ మాత్రలు. రెండేళ్ళ కిందట అక్క ముఖం పాలిపోయి, రోడ్డు దాటి వచ్చేసరికే ఆయాసపడుతూ, ఒరేయ్ చిన్నోడా, ఒంట్లో ఓపిక లేదురా, ఏదన్నా ఇవ్వు అంది. అతను కళ్ళ కింది రెప్ప లాగి చూశాడు, డాక్టరులాగే, ఎంత డాబుగా చూశాడో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చితికిపోతున్నాడు. రక్తం తక్కువగా ఉంది అన్నాడు, పక్క ల్యాబులో చూపిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉంది. అది నిజమే. ఎందుకు తక్కువైంది అని అడగలేదు. అరలోంచి ఫోలిక్ యాసిడ్ తీశాడు, చిన్న పసుపుపచ్చ మాత్రలు, రోజుకొకటి. రెండు నెలలకు అక్కడే మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎనిమిది ఉన్నది పదకొండున్నరకు ఎక్కింది. ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళి, చూశావా రక్తం ఎలా ఎక్కిందో, డాక్టర్ల దగ్గరికెళితే పది పరీక్షలు రాసేవాళ్ళు అన్నాడు. ఆ పది పరీక్షల్లో ఒకటి బి ట్వెల్వ్ విటమిన్ పరీక్ష అయి ఉండేది. ఒక్కటి, ఒక్క చెంచాడు రక్తం.

నడవాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు, తడి వాసన, ఫినాయిలు వాసన. పదింబావు. కాళ్ళకు చీమలు పాకినట్టుందిరా అని అక్క మొదటిసారి ఎప్పుడంది? ఏడాది కిందటా, ఇంకా ముందా? కుట్టుమిషను తొక్కీ తొక్కీ అలా ఉంటుందిలే అన్నాడు, కాళ్ళకు రాసుకునే మందు ఒక గొట్టం ఇచ్చాడు, అదీ తన తెలివి. తర్వాత చెప్పు జారిపోయినా తెలియక ఒంటికాలి చెప్పుతో రోడ్డు దాటి వచ్చింది, ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకున్నారే! తర్వాత ఒకరోజు మిషను సూది వేలిలోంచి దిగిపోయింది, రక్తం చొక్కా గుడ్డ మీద పడ్డాక గాని ఆమెకు తెలియలేదు, అతనే కట్టు కట్టాడు, నొప్పి లేదా అక్కా అని అడిగితే లేదురా, నా చేతులు మొద్దుబారి గట్టిపడ్డాయి, ముప్పయ్యేళ్ళ పని అంది, అతను ఆ మాట మెచ్చుకున్నాడు. తర్వాత మతిమరుపు. ఛాతీ కొలత నడుము గడిలో, నడుము కొలత ఛాతీ గడిలో రాసి, ఒక పెద్దమనిషికి కుండలాంటి చొక్కా కుట్టి ఇచ్చింది, ఆయన గొడవకొస్తే మీరు కాస్త తింటే సరిపోతుంది లెండి అని పంపించేసింది గాని, సాయంత్రం ఒక్కతే కూర్చుని ఆ కొలతల పుస్తకం తిప్పి తిప్పి చూసుకోవడం అతను కౌంటరు వెనక నుంచి చూశాడు. అప్పుడైనా లేచి వెళ్ళాడా? వయసు అనుకున్నాడు. మళ్ళీ రక్తం పరీక్ష చేయించాడు, మళ్ళీ బాగానే వచ్చింది. రక్తం బాగానే ఉందక్కా, నీకేం ఢోకా లేదు అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు, కానీ ఆ సామెతలో మందేసినవాడి సంగతి ఎవడూ చెప్పడు, వాడు రాత్రిళ్ళు ఏం చేస్తాడో, ఏ ముఖం పెట్టుకుని పొద్దున షట్టరు ఎత్తుతాడో ఎవడూ చెప్పడు.

కుట్టు షాపు మెట్ల మీద అక్క పడిపోయిన రోజున తెలిసింది. కాలు ఎక్కడ పెట్టిందో కాలికే తెలియలేదట. చీలమండకు కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టి, షాపుకొచ్చి, చెయ్యడానికేమీ తోచక, మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉంచే ఆ పల్చటి కాగితం విప్పాడు. ఇరవయ్యేళ్ళలో ఎన్ని వేల డబ్బాలు తెరిచాడో, ఆ కాగితాన్ని చుట్టి పారెయ్యడమే గాని చదివిన పాపాన పోలేదు, అందరి అక్షరాలూ చదివే మనిషి, డాక్టర్ల కోడిగీతలు చదివే మనిషి. చీమతల కంటే చిన్న అక్షరాలు. బి ట్వెల్వ్ లోపం ఉన్నవారికి ఈ మందు ఒక్కటే ఇవ్వరాదు. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల కొనసాగుతుంది. నిలబడి చదివినవాడు కూర్చున్నాడు. కోర్సులో ఇది చదివాడు, చదివి పరీక్షలో రాశాడు కూడా, మార్కులొచ్చాయి. నరం అంటే కరెంటు వైరు లాంటిదనీ, దాని మీద ఒక తొడుగుంటుందనీ, బి ట్వెల్వ్ లేకపోతే ఆ తొడుగు పొరలు పొరలుగా ఊడిపోతుందనీ, కాళ్ళలో మొదలై వెన్నుపాముకీ, మెదడుకీ పాకుతుందనీ, మెదడు కణం ఒకసారి పోతే పోయినట్టేననీ. రెండేళ్ళు. రెండేళ్ళుగా తను చేసిందల్లా ఇల్లు తగలబడుతుంటే బయట గోడకు సున్నం వెయ్యడం.

అప్పుడైనా అక్కను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి కదా, మనిషన్నవాడు. లేదు, అతను ఫ్రిజ్ పక్క అర తెరిచి బి ట్వెల్వ్ సూదిమందు తీశాడు, ఎర్రటి మందు, బలానికి అక్కా అని చెప్పి రోజు విడిచి రోజు అయిదు సూదులు పొడిచాడు. అయిదు సూదులకు అంతా సర్దుకుంటుందని, ఎవరికీ తెలియకుండా తప్పు వచ్చిన దారినే పోతుందని ఆశ. పోలేదు. అక్క రెండోసారి పడింది. ఇక తప్పక ఇక్కడికి తీసుకొచ్చాడు, వచ్చేటప్పుడు దారిలో, అక్కా, నేను మాత్రలిచ్చాననీ సూదులు వేశాననీ అనకు, షాపువాళ్ళు సూది వేస్తే ఈ డాక్టర్లకు మండుతుంది, లైసెన్సు దాకా పోతారు అన్నాడు. ఛ, నాకా మాత్రం తెలియదా అంది అక్క. డాక్టరమ్మ, కొట్టగానే వణికే ఒక ఇనుప ఫోర్కును అక్క కాళ్ళకు ఆనించి, వణుకు తెలుస్తోందా అని అడిగి, కళ్ళు మూయించి నిలబెట్టి, తూలితే పట్టుకుని, ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా అని అడిగింది. అక్క అతని వైపు చూసింది. లేదండీ అన్నాడు అతను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, ఈ మాత్ర మా దగ్గర లేదండీ అన్నంత తేలిగ్గా.

మూడు వారాల కిందట రిపోర్టులన్నీ ముందేసుకుని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు తిరగేసింది. వెన్నుపాము స్కానింగులో తెల్లటి గీత చూపించింది. "నన్నడిగితే ఇది విటమిన్ లోపమే అంటాను, అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ రక్తంలో విటమిన్ నిండా ఉంది. నిండా ఏమిటి, పొంగిపొర్లుతోంది" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను ఊరికే చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఎందుకు పొంగిపొర్లుతుందో ఆ గదిలో తెలిసినవాడు తనొక్కడే. అక్కడ చెప్పేసి ఉంటే అయిపోయేది. డాక్టరమ్మ మిగతా జబ్బుల సంగతి మొదలుపెట్టింది, మెల్లగా ముదిరేవి, మందుతో కాస్త నెమ్మదించడమే గాని నయం కానివి, వెన్నులో నీరు తీసి చూస్తే గాని ఏదో చెప్పలేనంది. అక్క తల ఊపుతూ వింది, కొత్త డిజైను ఎవరైనా వివరిస్తుంటే వినేటట్టు. రెండు రోజుల తర్వాత అతను సూది పట్టుకుని వెళితే చెయ్యి వెనక్కి లాక్కుంది, "ఎలాగూ నయం కానిదానికి ఈ పొడుచుకోవడాలెందుకురా, ఒళ్ళు జల్లెడవుతోంది, వద్దు" అంది. బలానికక్కా అన్నాడు. బలం ఉండి ఏం చేస్తాను అంది. దానికి జవాబు ఒక్కటే ఉంది, నీకది నయమయ్యే జబ్బే అక్కా అని, ఆ జవాబు చెప్పాలంటే ఎలా తెలుసో చెప్పాలి. సూదిని గుడ్డలో చుట్టుకుని తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాడు. ఆ అయిదింటి తర్వాత ఇక మందు లేదు. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు, అక్క మెదడులో, వెన్నులో, ఆ తొడుగులు ఊడుతూనే ఉన్నాయి, తను నోరు మూసుకున్న ప్రతి పూటా ఇంకో పొర. ఆపగల మందు తన షాపులోనే ఉంది, వరసగా పేర్చి ఉంది, పొద్దున లేస్తే దానికి దుమ్ము దులుపుతున్నాడు.

ఆ వారంలోనే అక్క మిషను ఇచ్చేసింది. తన దగ్గర పని నేర్చుకున్న పిల్లను పిలిచి, పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు నూనె డబ్బాతో సహా అప్పగించింది, దీనికి ఎడమవైపు బెల్టు కాస్త వదులు, విసుక్కోకు అని జాగ్రత్తలు చెప్పింది. బండిలోకి ఎక్కించడానికి ఒక మనిషి చెయ్యి తక్కువైతే, ఒరేయ్ చిన్నోడా, ఇటు రా అని కేకేసింది. అతను రోడ్డు దాటి వెళ్ళాడు. తన ఫీజులు కట్టిన మిషను, తన తెల్లకోటు కుట్టిన మిషను, దాని కాలు పట్టుకుని ఎత్తాడు. ఎంత బరువుందో. ఎత్తుతున్నప్పుడే గొంతులోకి వచ్చింది, దించమనక్కా, దించమను, నువ్వు మళ్ళీ కుడతావు అని. వచ్చింది, మింగేశాడు. బండి పోయాక అక్క లోపలికెళ్ళి వంట చేసింది, ఇద్దరికీ వడ్డించింది, తను పోయాక తన వస్తువుల్లో ఏవి ఎవరికివ్వాలో తింటూ చెప్పింది, అతను ఊ కొడుతూ రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. ఎలా దిగిందో ఆ ముద్ద. ఎందుకు చెప్పలేదు? షాపు పోతుందనా? పోతే పోనీ అని ఎన్నిసార్లు అనుకోలేదు. వీధిలో తలెత్తుకోలేననా? కాదు, అదీ కాదు, అక్క ముఖం. వాడు సగం డాక్టరండీ అన్నప్పుడు అక్క ముఖంలో ఉండే ఆ వెలుగు, తను మాట పూర్తి చేసేసరికి ఆరిపోతుంది. అది చూడలేక. తన కళ్ళు బాగుండాలని ఆమె కాళ్ళు పోగొడుతున్నాడు, అసలు లెక్క అది. ఛీ అన్నాడు పైకే.

"ఏవండీ?" అన్నాడు పక్క కుర్చీలో ముసలాయన, తనను అన్నాడనుకున్నాడు కాబోలు. మిమ్మల్ని కాదండీ అన్నాడు అతను. మాట కలిసింది కదా అని ముసలాయన జేబులోంచి మాత్రల పట్టీ తీసి, "ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా? లోపల చెప్పారు గాని మర్చిపోయాను" అన్నాడు. పట్టీ చూడగానే అతని నాలుక చివరికి వచ్చేసింది జవాబు, తిన్నాక, రెండు పూటలా, పాలతో వద్దు. ఇరవయ్యేళ్ళ అలవాటు, చెయ్యి కూడా ముందుకు చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "లోపలికెళ్ళి డాక్టర్నే ఇంకోసారి అడగండి బాబాయ్. నాకు తెలియదు" అన్నాడు. తెలియదు అన్న మాట అతని నోట అతనికే వింతగా వినిపించింది. ముసలాయన గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ ఇటు వస్తూ కనిపించింది, గడియారం చూశాడు, పది నలభై, ఇంకా ఇరవై నిమిషాలుండాలి, ముందే వచ్చేసింది, ఇదన్యాయం అనిపించింది ఒక్క క్షణం. నమస్కారం పెట్టాడు. తల పంకించి లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది.

ఇక చెయ్యి కడుక్కుంటుంది. ఇక గ్లవ్స్ వేసుకుంటుంది. నీరు తీస్తే ఏం తేలదు, తేలకపోతే ఏదో ఒక ఘాటు మందు మొదలుపెడుతుంది, లేని జబ్బుకు. అప్పుడైనా చెప్తావా? అప్పుడూ చెప్పవు, నీ సంగతి నాకు తెలియదా. అక్క మోకాళ్ళు డొక్కలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది, అలాగే పడుకోమంటారు. చిన్నప్పుడు అతనికి జ్వరమొస్తే అలాగే ముడుచుకుని పక్కన పడుకునేది. లేచాడు. కాళ్ళు వణుకుతున్నాయి, వణుకు తెలుస్తోంది, తన కాళ్ళకు అన్నీ తెలుస్తున్నాయి. తలుపు తోశాడు.

"మీరు బయట ఉండాలండీ" అంది నర్సు.

"అమ్మా, ఆపండి. ఒక్క నిమిషం. ఆ సూది ఆపండి" అన్నాడు. ఆ నాలుగు ముక్కలూ చెప్పాడు. వరస తప్పింది, సూదుల సంగతి ముందొచ్చింది, మాత్రల సంగతి తర్వాత వచ్చింది, మధ్యలో ఏడుపొచ్చింది, అయినా చెప్పాడు. అక్క వీపు ఇటే ఉంది, తాళ్ళు విప్పి, మందు రాసి, నడుం దగ్గర ఒక చుక్క గుర్తు పెట్టి ఉంది. ఆ వీపు కదల్లేదు.

"ఎన్ని సూదులు వేశారు?" అంది డాక్టరమ్మ.

"అయిదు."

"మేం రక్తం తీసింది వాటి తర్వాతా?"

"నాలుగో రోజున."

"తర్వాత వేశారా?"

"లేదండీ. ఆవిడ వద్దంది."

"ఎందుకు వద్దన్నారో తెలిసీ ఊరుకున్నారా?" డాక్టరమ్మ గ్లవ్స్ లాగి చెత్తబుట్టలో వేసింది, తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. వెన్ను జోలికి ఇవాళ వద్దు, రక్తంలోనే ఇంకో పరీక్షుంది, అది పంపి సూదిమందు ఇప్పుడే మొదలుపెడదాం అని నర్సుతో అంది. అప్పుడు అక్క గోడవైపు నుంచే అడిగింది, "నయమవుతుందా అమ్మా?"

"ఇక ముదరకుండా ఆగుతుంది. పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది. ఎంతనేది ఆరు నెలలు గడిస్తే గాని చెప్పలేను. ఇంకాస్త ముందే..." అంటూ ఆగి, ఆ మాట పూర్తి చెయ్యకుండా బయటికెళ్ళిపోయింది డాక్టరమ్మ.

అక్క మెల్లగా ఇటు తిరిగింది. అతను ఇన్నాళ్ళూ భయపడిన ముఖం అది. ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు, పోనీలేరా అంటుందేమోనని, ఎక్కడో మూల, సిగ్గులేకుండా ఆశపడ్డాడు కూడా. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది, కొలత తీసుకునేటట్టు.

"మాత్రలిచ్చింది పొరపాటు. ఎవరైనా చేస్తారు. నేనెన్ని చొక్కాలు చెడగొట్టలేదు" అంది. "నేను చచ్చిపోతున్నాననుకుని మూడు వారాలు నిద్రపోలేదు. నువ్వు రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని నా చేతి వంట తిన్నావు. అది పొరపాటు కాదురా."

ఇంకో నర్సు ట్రేలో ఎర్రటి మందు సూదీ, ఒక కాగితం పట్టుకుని వచ్చింది, రోజూ వచ్చి వేయించుకోవాలమ్మా, వివరాలు రాసుకుంటాను అంది. పేరు అడిగింది, వయసు అడిగింది, అక్క చెప్పింది. అతను అలవాటుకొద్దీ అక్క చేతి మీది చొక్కా మడత పైకి జరపబోయాడు. అక్క తనే జరుపుకుంది.

"తోడొచ్చినాయన మీకేమవుతారమ్మా?" అంది నర్సు, కలం పక్కన పెట్టి సూది అందుకుంటూ.

అక్క అతని వైపు చూడలేదు. సూది చేతిలోకి దిగి, మందంతా ఎక్కి, దూది అద్దేదాకా ఆలోచించింది.

"మా వీధిలో మందుల షాపాయన" అంది.

నర్సు అలాగే రాసుకుంది.